వెనక చక్రం వరసకు తెచ్చే చేయి

పంక్చరు వేయించాలన్నా, బ్రేక్ షూలు మార్చాలన్నా, అరిగిన టైరు తీసి కొత్తది ఎక్కించాలన్నా బైకు వెనక చక్రం విప్పక తప్పదు. విప్పడం పెద్ద పనేం కాదు. రెండు పానాలు, ఒక సుత్తి ఉంటే షెడ్డులో కొత్తగా చేరిన కుర్రాడు కూడా విప్పేస్తాడు. తిరిగి బిగించడమూ వాడికి వచ్చు. ఆ చక్రాన్ని ముందు చక్రానికి సూటిగా, చైన్‌కు మెలి పడకుండా కూర్చోబెట్టే దగ్గరే మేస్త్రీకీ కుర్రాడికీ తేడా తెలుస్తుంది. అంతా కలిపి పావుగంట, ఇరవై నిమిషాల పని. బిల్లులో దానికంటూ ఒక పద్దు ఉండదు. కానీ బండి సూటిగా పోతుందా, చైన్ ఎన్నాళ్లు మన్నుతుంది, టైరు ఒక పక్కే అరుగుతుందా అన్నవన్నీ ఆ కాస్త సమయంలోనే తేలిపోతాయి.

ఈ పని చక్కగా చేసేవాళ్లలో నేను మనసారా మెచ్చుకునే గుణం ఒకటుంది. వాళ్లు ఏ ఒక్క గుర్తునూ ఒంటరిగా నమ్మరు. ఒకే సంగతిని మూడు నాలుగు విధాలుగా పరీక్షిస్తారు. అన్నీ ఒకే జవాబు చెబితేనే నట్టు బిగిస్తారు. బిగించాక మళ్లీ మొదటి నుంచి చూస్తారు.

గాడి ఎందుకు పెట్టారు

మన ఊళ్లలో సందు సందునా కనిపించే స్ప్లెండర్‌నే తీసుకుందాం. 1994లో హీరో హోండా తెచ్చిన బండి ఇది. కంపెనీ పేరు హీరో మోటోకార్ప్‌గా మారినా బండి మాత్రం పాల క్యాన్లూ గడ్డి మోపులూ మోస్తూ అలాగే నడుస్తోంది. దీని వెనక చక్రాన్ని పట్టి ఉంచేది స్వింగ్ ఆర్మ్. ముందు వైపు ఒక పొడవాటి బోల్టు మీద ఛాసిస్‌కు తగులుకుని, గతుకు వచ్చినప్పుడల్లా పైకీ కిందికీ ఊగుతుంది. వెనక వైపు రెండు కమ్ములుగా చీలి చక్రానికి చెరో పక్కా నిలుస్తుంది. ఆ కమ్ముల కొసల్లో గుండ్రటి రంధ్రాలు ఉండవు. పొడవాటి గాడులుంటాయి. చక్రం ఇరుసు ఆ గాడుల్లో ముందుకూ వెనక్కూ జరుగుతుంది.

గుండ్రటి రంధ్రాలే పెట్టి ఉంటే చక్రం వంకరగా కూర్చునే అవకాశమే ఉండేది కాదు. అలా పెట్టకపోవడానికి కారణం చైన్. స్విట్జర్లాండ్‌లో పుట్టి మాంచెస్టర్‌లో స్థిరపడిన హాన్స్ రెనాల్డ్ 1880లో బుష్ రోలర్ చైన్‌ను రూపొందించాడు. ఇవాళ్టి బైకు చైన్‌కు మూలం అదే. ప్రతి కీలు దగ్గరా ఒక పిన్ను, దాని చుట్టూ బుష్షు, దాని మీద తిరిగే రోలరు. స్ప్లెండర్ తరగతి బండ్లకు వాడే 428 నంబరు చైన్‌లో పిన్నుకూ పిన్నుకూ మధ్య 12.7 మిల్లీమీటర్లు, అంటే సరిగ్గా అరంగుళం. వాడేకొద్దీ చైన్ సాగిందంటాం గానీ నిజానికి సాగేది ఇనుము కాదు. పిన్నూ బుష్షూ ఒకదానితో ఒకటి రాసుకుని అరుగుతాయి. వంద లంకెలున్న చైన్‌లో ఒక్కో కీలు దగ్గర 0.1 మిల్లీమీటరు అరిగినా మొత్తం మీద 10 మిల్లీమీటర్ల పొడవు పెరుగుతుంది. ఆ పెరిగిన పొడవును చక్రం వెనక్కి లాగి సరిపెట్టడానికే గాడి.

చైన్ కోసం ఇచ్చిన ఆ వెసులుబాటుతోనే చిక్కు వస్తుంది. ఇరుసు ఎడమ కొస ఒకచోట, కుడి కొస కాస్త ముందో వెనకో ఆగిపోతే చక్రం ఏటవాలుగా నిలుస్తుంది. ఎంత తేడాకు ఎంత వంకర? రెండు కమ్ముల మధ్య దూరం 200 మిల్లీమీటర్లు అనుకుందాం. ఒక పక్క 1 మిల్లీమీటరు తేడా వస్తే, వెనక చక్రం చూపే దారి ముందు చక్రం దగ్గరికి వెళ్లేసరికి 6 మిల్లీమీటర్లు పక్కకు పోతుంది. ఎందుకంటే స్ప్లెండర్ రెండు ఇరుసుల మధ్య దూరం 1,236 మిల్లీమీటర్లు. ఇరుసు దగ్గర కంటికి ఆనని తేడా బండి పొడవునా పెరుగుతూ పోతుంది. చైన్ సంగతీ అంతే. రెండు స్ప్రాకెట్ల మధ్య అర మీటరు దూరం ఉందనుకుంటే అదే 1 మిల్లీమీటరు తప్పు అక్కడ రెండున్నర మిల్లీమీటర్ల మెలి అవుతుంది. ఆ మెలితోనే చైన్ నిమిషానికి వందల చుట్లు తిరగాలి.

కాలి మీద చక్రం

బండి డబుల్ స్టాండు మీద ఉంటుంది. మేస్త్రీ పీట మీద కూర్చుని, చక్రాన్ని కమ్ముల మధ్యకు దొర్లించి, టైరు కింద తన పాదం దూరుస్తాడు. చూడవలసిన పనితనం ఇక్కడే మొదలవుతుంది. రెండు చేతులూ ఇరుసుతో, స్పేసర్లతో పనిగా ఉంటాయి కాబట్టి చక్రం బరువును కాలి వేళ్లే ఎత్తుతాయి. కాస్త పైకి, కాస్త కిందికి అని రంధ్రాలు ఎదురెదురుగా రాగానే ఇరుసు చేతి వత్తుడికే జారి అవతలి వైపు తేలుతుంది. సుత్తి అవసరం పడిందంటే ఏదో ఎదురుగా లేదని అర్థం. మంచి మేస్త్రీ అక్కడ కొట్టడు. ఆగి, వంగి చూసి, పాదం సర్దుతాడు. అంతకు ముందే ఇరుసును గుడ్డతో తుడిచి పల్చగా గ్రీజు పూసి ఉంటాడు. తుప్పు పట్టిన ఇరుసు గాడిలో సాఫీగా జరగదు. సాఫీగా జరగనిదాన్ని సన్నంగా సర్దలేం.

స్ప్లెండర్‌లో ఒక సౌకర్యం ఉంది. స్ప్రాకెట్ ఉన్న భాగం స్లీవ్ నట్టుతో ఎడమ కమ్మికే ఉండిపోతుంది. చైన్ ఊడదీయకుండానే చక్రం ఒక్కటే బయటికి వస్తుంది. బిగించేటప్పుడు హబ్బులోని రబ్బర్లు ఆ భాగం రెక్కల మధ్య సరిగ్గా కూర్చోవాలి. సగం కూర్చుంటే చక్రం పక్కకు తోసుకుని ఉంటుంది. కుడి వైపు బ్రేక్ ప్లేటు, దాని పక్కన స్పేసరు. ఏ స్పేసరు ఏ వైపుదో తారుమారైతే చక్రం సూటిగానే ఉంటుంది గానీ మొత్తంగా ఒక పక్కకు జరిగి నిలుస్తుంది. వంకర వేరు, పక్కకు జరగడం వేరు. మొదటిదాన్ని ఇరుసును గాడిలో జరిపే అడ్జస్టర్లతో సరిచేయవచ్చు. రెండోదాన్ని చేయలేం. ఈ రెండు తప్పులనూ విడదీసి చూడగలగడం ఈ విద్యలో సగం.

నట్టుకు ఆరు ముఖాలు

ఇరుసు చేరాక దాని నట్టును వేళ్లతో తిప్పి ఊరికే ఆనిస్తారు. ఇప్పుడు చైన్ బిగువు చూడాలి. కింది వైపు చైన్‌ను రెండు స్ప్రాకెట్లకూ నడుమ వేలితో పైకీ కిందికీ ఆడిస్తే, కమ్యూటర్ బైకుల్లో సాధారణంగా 20 నుంచి 30 మిల్లీమీటర్ల మేర కదలాలి. చైన్‌కు నిండా కవర్ ఉన్న బండ్లలో రబ్బరు మూత తీసి ఆ కంతలోంచి చూస్తారు. ఇంత వదులెందుకంటే, ఇంజన్ స్ప్రాకెట్టూ స్వింగ్ ఆర్మ్ బోల్టూ ఒకేచోట ఉండవు. గతుకులో స్వింగ్ ఆర్మ్ ఊగి స్ప్రాకెట్ నడిబొడ్డు, ఆ బోల్టు, వెనక ఇరుసు మూడూ ఒకే గీత మీదికి వచ్చినప్పుడు చైన్ మహా బిగువుగా ఉంటుంది. స్టాండు మీద బాగుందనిపించేంత బిగిస్తే మనిషి ఎక్కి గుంతలో పడ్డప్పుడు ఆ లాగుడంతా గేర్‌బాక్సు బేరింగు మీదా చక్రం బేరింగు మీదా పడుతుంది.

ఒకచోట చూసి ఊరుకోకూడదు. చైన్ అంతటా సమానంగా అరగదు. చక్రాన్ని కొద్దికొద్దిగా తిప్పుతూ ఆగి ఆగి వేలితో ఆడిస్తే ఒకచోట బిగువుగా, మరోచోట వదులుగా తగులుతుంది. బిగువుగా ఉన్నచోటే లెక్కలోకి తీసుకోవాలి. ఇది చేతిలో పానా తీసుకునే ముందే తెలియాలి. చక్రం చేత్తోనే తిప్పాలి. ఇంజన్ నడుస్తుండగా చైన్ దగ్గర వేలు పెట్టినవాళ్లు వేళ్లే పోగొట్టుకున్నారు.

తర్వాత అడ్జస్టర్లు. ఇరుసు రెండు కొసలకూ తొడిగిన మర బోల్టులు, వాటి చివర నట్లు. నట్టు బిగిస్తే ఇరుసు వెనక్కి వస్తుంది. ఇక్కడ మేస్త్రీ చేతిలో ఎంత సన్నటి కొలత ఉందో చూడండి. ఎం6 మర అయితే ఒక పూర్తి చుట్టుకు 1 మిల్లీమీటరు జరుగుతుంది. ఎం8 సాధారణ మరకు 1.25. నట్టుకు ఆరు ముఖాలు. ఎం6 నట్టును ఒక్క ముఖం మేర తిప్పితే ఇరుసు కొస ఆరో వంతు మిల్లీమీటరు కదులుతుంది. పైన వేసిన లెక్కలోనే పెట్టి చూస్తే అది ముందు చక్రం దగ్గర దాదాపు 1 మిల్లీమీటరు. ఏ ఖరీదైన పరికరమూ లేకుండా, ఒక చిన్న పానాతో ఇంత సన్నంగా సర్దవచ్చు. అందుకే పని తెలిసిన చేయి ఎడమ ఒక ముఖం, కుడి ఒక ముఖం అని లెక్కపెట్టుకుంటూ పోతుంది. ఒక వైపంతా తిప్పేసి రెండో వైపుకు వెళ్లదు.

నాలుగు పరీక్షలు

మొదటి పరీక్ష గుర్తులది. కమ్ముల కొసల్లో గాడి పొడవునా గీతలుంటాయి. అడ్జస్టర్ మీది గుర్తు రెండు వైపులా ఒకే గీతకు వచ్చిందా చూస్తారు. షెడ్డులో కుర్రాళ్లు సాధారణంగా ఇక్కడే ఆగిపోతారు.

"అన్నా, గీతలు కలిశాయి. బిగించేయనా?"

"ఆగరా. గీతకు గీత కలిసింది. చక్రానికి చక్రం కలిసిందో లేదో చూడొద్దూ?"

ఆ మాటలో ఈ విద్యంతా ఉంది. ఆ గీతలు ఫ్యాక్టరీలో అచ్చు గుద్దినవి. గీత మందమే కొంత తేడాను మింగేస్తుంది. పై నుంచి చూస్తే ఒకలా, పక్క నుంచి చూస్తే ఒకలా కనిపిస్తుంది. బండి ఎప్పుడో పడి స్వింగ్ ఆర్మ్ కాస్త వంగి ఉంటే గీతలు కలిసినప్పుడే చక్రం వంకరగా ఉంటుంది. గీత దారి చూపుతుంది, తీర్పు చెప్పదు.

రెండో పరీక్ష దూరానిది. స్వింగ్ ఆర్మ్ ఊగే బోల్టు నడిబొడ్డు నుంచి ఇరుసు నడిబొడ్డుకు ఉన్న దూరం రెండు వైపులా సమానంగా ఉండాలి. దీనికి పొడవాటి ఇనుప పుల్ల ఒకటి చాలు. కొసను వంచి, పుల్ల మీద బిగువుగా జరిగే రబ్బరు రింగు ఎక్కిస్తారు. వంచిన కొసను బోల్టు నడుమ ఆనించి, రింగును ఇరుసు నడుమకు జరుపుతారు. అదే పుల్లను అవతలి వైపుకు తీసుకెళ్లి పెడతారు. రింగు ఇరుసు నడుమకే వచ్చిందా సరే. రాలేదా, ఎంత తేడాయో రింగే చూపిస్తుంది. అంకెలు అక్కర్లేదు. మిల్లీమీటర్లలో చదవడం లేకపోతే చదవడంలో తప్పూ ఉండదు.

మూడో పరీక్ష చైన్‌ది. కవర్ లేని బండి అయితే వెనక నుంచి ఒక కన్ను మూసి, పై వరస చైన్ వెంట ఇంజన్ వైపు చూస్తారు. వెనక స్ప్రాకెట్ నుంచి బయల్దేరిన వరస మొదట్లోనే ఎటో ఒక పక్కకు విరిగినట్టు కనిపిస్తే చక్రం వంకరగా ఉన్నట్టే. స్ప్రాకెట్ పళ్లు పాత కథ కూడా చెబుతాయి. పంటికి ఒక పక్కే మెరుపు తేలి ఉందంటే చైన్ పలక అక్కడే రాసుకుంటూ వచ్చింది. ఈ బండి చాలాకాలంగా వంకరగా నడిచిందని చక్రం విప్పగానే తెలిసిపోతుంది.

నాలుగోది దారం. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. తాపీమేస్త్రి ఇటుక వరసకు లాగి కట్టే దారానికి ఇది సొంత తమ్ముడు. సన్నటి గట్టి దారాన్ని వెనక టైరు చుట్టూ వెనక నుంచి తిప్పి, రెండు కొసలనూ బండికి చెరో పక్క నుంచి ముందు చక్రం దాకా లాగుతారు. ఫుట్‌రెస్టుకూ స్టాండుకూ సైలెన్సర్‌కూ తగలకుండా వీలైనంత ఎత్తులో పట్టాలి. ముందు మనిషి దారాన్ని నెమ్మదిగా లోపలికి జరుపుతాడు. వెనక టైరు ముందంచును అది తాకీ తాకగానే ఆపేస్తాడు. ఇప్పుడు ఆ దారం వెనక చక్రం ఎటు చూస్తోందో గీసి చూపిస్తున్నట్టు లెక్క. హ్యాండిల్ కదిపి ముందు చక్రాన్ని దారాలకు సమాంతరంగా నిలబెట్టి, రెండు పక్కలా మిగిలిన సందు చూస్తారు. రెండు వైపులా సమానంగా ఉంటే రెండు చక్రాలూ ఒకే దారిలో ఉన్నట్టు.

2021లో వచ్చిన క్లాసిక్ 350 లాంటి బండికి ముందు టైరు 100, వెనక టైరు 120 మిల్లీమీటర్ల వెడల్పు సైజు కాబట్టి చెరో పక్కా దాదాపు 10 మిల్లీమీటర్ల సందు కనిపించాలి. స్ప్లెండర్‌కు రెండు టైర్లూ ఒకే వెడల్పు. సందు ఉండదు. అలాంటప్పుడు వెనక టైరు దగ్గర దారం తాకే నాలుగు చోట్లా ఒకే మందం ఉన్న అట్టముక్కలు దూర్చి దారాన్ని కాస్త బయటికి నిలుపుతారు. అప్పుడు ముందు కూడా అంతే సందు వచ్చి కొలతకు దొరుకుతుంది.

ఈ నాలుగూ కలిస్తే పని సులువు. కలవనప్పుడే మేస్త్రీ బుర్ర పనిచేయాలి. పుల్ల, చైన్, దారం మూడూ సరే అని, గీతలు మాత్రం కాదంటే గీతలను పక్కన పెడతాడు. పుల్లా చైనూ సరే అని దారం ఒక్కటే ఒక పక్కకు చూపిస్తే తప్పు అడ్జస్టర్‌లో లేదు. స్పేసర్లు మారి ఉండవచ్చు, చక్రం స్పోకులు బిగించినప్పుడు రిమ్ము ఒక పక్కకు లాగి ఉండవచ్చు, ఛాసిస్సే వంగి ఉండవచ్చు. అడ్జస్టర్‌ను నాలుగు ముఖాలు తిప్పేస్తే దారం కొలత సరిపోతుంది. చైన్ మెలి తిరుగుతుంది. ఒక తప్పును కప్పడానికి ఇంకో తప్పు చేసినట్టు అవుతుంది. నిజాయితీ ఉన్న మేస్త్రీ అక్కడ పానా కింద పెట్టి, బండి మనిషిని పిలిచి, "బాబూ, రిమ్ము చూపించాలి, ఇది ఇక్కడ సర్దేది కాదు" అంటాడు.

చివరి బిగింపు

అన్నీ కుదిరాక కూడా పని చెడే చోటు ఒకటి మిగిలి ఉంటుంది. ఇరుసు నట్టు బిగిస్తున్నప్పుడు ఆ తిప్పుడుకే ఇరుసు కొంచెం జరుగుతుంది. ఇంతసేపూ ఆరో వంతు మిల్లీమీటర్లలో సర్దినదంతా పెద్ద పానా ఒక్క లాగుడుతో పోగలదు. దీనికి మేస్త్రీల దగ్గర ఒక చక్కటి ఉపాయం ఉంది. కింది వరస చైన్‌కూ వెనక స్ప్రాకెట్‌కూ నడుమ మడత పెట్టిన గుడ్డ పెట్టి చక్రాన్ని చేత్తో ముందుకు తిప్పుతారు. గుడ్డ పళ్ల మధ్యకు వెళ్లి చైన్ బిగుసుకుంటుంది. ఆ బిగువు ఇరుసును ముందుకు లాగి రెండు అడ్జస్టర్లకూ గట్టిగా ఆనిస్తుంది. ఇక జరగడానికి చోటు ఉండదు. ఆ స్థితిలోనే, ఇరుసు తలను ఒక పానాతో కదలకుండా పట్టుకుని, రెండో పానాతో నట్టు బిగిస్తారు. కుర్రాడు బ్రేక్ పెడల్ తొక్కి పట్టుకుంటాడు. అలా తొక్కితే షూలు డ్రమ్ముకు సమానంగా ఆనుకుని బ్రేక్ ప్లేటు తన చోట తాను నిలుస్తుంది.

బిగించాక గుడ్డ తీసి, పుల్ల మళ్లీ పెడతారు. దారం మళ్లీ లాగుతారు. చైన్ బిగువు మళ్లీ వేలితో చూస్తారు. నా దృష్టిలో ఈ రెండోసారి చూడడమే పనితనానికి ముద్ర. మొదటిసారి చూసేది సర్దడానికి. రెండోసారి చూసేది తన చేతినే పరీక్షించుకోవడానికి. తేడా కనిపిస్తే నట్టు వదులు చేసి మొదటి నుంచి మొదలుపెట్టే ఓపిక అందరికీ ఉండదు.

మిగిలినవి చిన్నవే గానీ ప్రాణం మీదికి తెచ్చేవి. బ్రేక్ ప్లేటును స్వింగ్ ఆర్మ్‌కు కట్టిపెట్టే కమ్మీ ఉంటుంది. దాని నట్టూ కాటర్ పిన్నూ మరిచిపోతే, బ్రేక్ వేయగానే ప్లేటంతా తిరిగి చక్రం పట్టేస్తుంది. చక్రం వెనక్కి జరిగింది కాబట్టి బ్రేక్ రాడ్డు బిగువు మారి ఉంటుంది, దాన్ని సర్దాలి. వెనక బ్రేక్ లైటు ఎప్పుడు వెలుగుతోందో చూడాలి. చైన్ ఊడదీసి ఉంటే లాకు క్లిప్పు మూసి ఉన్న కొస చైన్ నడిచే వైపుకే ఉండాలి. అడ్జస్టర్ లాక్ నట్లు చివరగా బిగుస్తాయి.

పాత బుల్లెట్‌లో ఈ కథ కొంచెం వేరు. అక్కడ మర బోల్టులకు బదులు ఇరుసుకు చెరో పక్కా నత్తగుల్ల ఆకారపు పళ్ల బిళ్లలు ఉంటాయి. ఎడమ ఎన్ని పళ్లు తిప్పితే కుడి అన్ని పళ్లు. లెక్క తేలిక. కానీ పంటికీ పంటికీ మధ్య ఆగడానికి లేదు, అరిగిన పన్ను అబద్ధం చెబుతుంది. అక్కడా పుల్లా దారమే దిక్కు. యాక్టివా లాంటి స్కూటర్లకు ఈ బాధ లేదు. వాటి వెనక చక్రం నేరుగా గేర్‌బాక్సు షాఫ్టుకే బిగుస్తుంది.

చక్రం వేయించుకుని ఇంటికి వచ్చాక బండే తన సంగతి చెబుతుంది. సూటి రోడ్డు మీద హ్యాండిల్ కాస్త ఒక పక్కకు తిప్పి పట్టుకుంటే గానీ బండి సూటిగా పోకపోతే, చైన్ ఒక లయలో గరగరమంటుంటే, కొన్నాళ్లకు స్ప్రాకెట్ పళ్లకు ఒక పక్కే మెరుపు తేలితే తిరిగి షెడ్డుకు తీసుకెళ్లండి. అప్పటికే అరిగిపోయిన చైన్, స్ప్రాకెట్ల సెట్టు ఖరీదుతో పోలిస్తే మేస్త్రీ అడిగే కూలి ఎంత?

మనం సాధారణంగా కూలి ఇచ్చేది చక్రం విప్పినందుకూ బిగించినందుకూ. నిజంగా విలువైనది ఆ రెండింటి నడుమ, పుల్ల పట్టుకుని బండి చుట్టూ తిరిగిన ఆ కొన్ని నిమిషాలు. అందుకే మెకానిక్‌ను ఎంచుకునేటప్పుడు ఎంత త్వరగా బిగించాడన్నది చూడకండి. బిగించాక మళ్లీ వంగి చూశాడా లేదా అన్నది చూడండి. చూసేవాడు దొరికితే పక్కన నిలబడి గడియారం చూపించకండి, అడిగినదానికి బేరమాడకండి. ఆ షెడ్డులో కుర్రాడు పక్కనే నిలబడి చూస్తుంటాడు. రెండోసారి చూడడానికి విలువ ఉందని వాడు నేర్చుకునేది మనం ఇచ్చే సమయం నుంచీ, ఇచ్చే కూలి నుంచీ కూడా.